పదిహేడో బ్రాంచి, ఎనిమిదో సర్వరు

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో కంప్యూటరు విభాగానికి చెందిన విశ్రాంత అధికారి ఒకరు చేసిన ప్రసంగ పాఠమిది. సభ్యుల కోరికపై ఈ ప్రత్యేక సంచికలో ప్రచురిస్తున్నాము.)



పెన్షన్ అప్‌డేషన్ గురించి, ఆరోగ్య బీమా ప్రీమియం గురించి పెద్దలు మాట్లాడారు. అవి మన కడుపుకు సంబంధించిన విషయాలు. వాటి తర్వాత, సరిగ్గా భోజనాలకు ముందు, నన్ను కంప్యూటర్ల గురించి మాట్లాడమన్నారు. వంటశాల నుంచి సాంబారు వాసన వస్తూండగా కంప్యూటర్ల గురించి చెప్పి మెప్పించగలిగే శక్తి నాకు లేదు. అయినా ఒక పాత బాకీ తీర్చుకోవడానికి ఈ అవకాశాన్ని వాడుకుందామని ఒప్పుకున్నాను. ఆ బాకీ ఏమిటో చివర్లో చెబుతాను.

మన సభ్యుల పిల్లలు చాలామంది సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్నారు. "మీ అబ్బాయి ఏం చేస్తుంటాడండీ?" అని అడిగితే, "ఏదో డెవాప్స్ అటండీ, అర్ధరాత్రిళ్ళు ఫోన్లొస్తుంటాయి" అంటారు. అంతకు మించి మనకు తెలియదు. వాళ్ళు చెప్పరు, చెప్పినా మనకు అర్థం కాదని వాళ్ళ నమ్మకం. నిజానికి ఆ పనిలోని సూత్రాలు మనకు తెలిసినంతగా మరెవరికీ తెలియవని నా అభిప్రాయం. క్యాషు తాళాలు ఇద్దరి దగ్గర ఎందుకుంటాయో తెలిసిన వాడికి డెవాప్స్ అర్థం కాకపోవడమంటూ ఉండదు.

ముందు మన కథ చెప్పుకుందాం.

బ్యాంకుల్లో యాంత్రీకరణపై రంగరాజన్ గారి కమిటీ 1984లో నివేదిక ఇచ్చిన సంగతి మీకు విదితమే. తర్వాతి కాలంలో వారే మన రాష్ట్రానికి గవర్నరుగా కూడా వచ్చారు. ఆ నివేదిక దరిమిలా లెడ్జరు పోస్టింగు మిషన్లు వచ్చాయి. ఉద్యోగాలు పోతాయని మనమే గేటు మీటింగులు పెట్టాం. ఆ మిషన్ల మీద పని నేర్చుకున్నదీ మనమే. తొంభైల చివరికి చాలా బ్రాంచీల్లో మొత్తం లావాదేవీలు కంప్యూటరు మీదికి వచ్చాయి. అయితే ఏ బ్రాంచి కంప్యూటరు ఆ బ్రాంచిదే. ఒకదానికీ మరొకదానికీ తీగ లేదు. కోర్ బ్యాంకింగ్ ఇంకా మన దాకా రాలేదు.

2000 సంవత్సరం ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు సేవింగ్స్ ఖాతాల వడ్డీని నాలుగున్నర శాతం నుంచి నాలుగు శాతానికి తగ్గించింది. అప్పుడు నేను ఒంగోలు వైపు ఒక ప్రాంతీయ కార్యాలయంలో కంప్యూటరు విభాగం చూస్తున్నాను. మా కింద కంప్యూటరు ఉన్న బ్రాంచీలు పదిహేడు. మేము వాడే ప్యాకేజీలో వడ్డీ రేటు ప్రోగ్రాము లోపలే రాసి ఉండేది. అంచేత రేటు మారితే ప్రోగ్రామే మార్చాలి. మార్చిన ప్రోగ్రాము హెడ్డాఫీసు నుంచి ఫ్లాపీలో వచ్చింది. దాన్ని పదిహేడు ఫ్లాపీల్లోకి కాపీ చేసి, ఒకటి చెడిపోతే ఇంకొకటి ఉంటుందని మరో పదిహేడు తీసి, నా దగ్గర పనిచేస్తున్న ఒక యువ అధికారికి ఇచ్చాను. ఆరు పేజీల సూచనల కాగితం ఇచ్చాను. బ్రాంచీల పేర్లున్న జాబితా ఇచ్చి, "వేసిన చోటల్లా టిక్కు పెట్టుకో నాయనా" అని చెప్పాను.

ఆ కుర్రవాడు ఆర్టీసీ బస్సుల్లో పొదిలి, దర్శి, కనిగిరి, మార్కాపురం, గిద్దలూరు దారులన్నీ తిరిగాడు. మే నెల ఎండలు. సాయంత్రం కౌంటర్లు మూసి, రోజు లెక్క ముగిశాక గాని కంప్యూటరు ఇవ్వరు. అప్పుడు మొదలుపెట్టి పాత ప్రోగ్రాము పక్కన దాచి, కొత్తది ఎక్కించి, ఆరు పేజీల్లోని ముప్పై పైచిలుకు మెట్లూ వరుసగా చేసి, చివరి బస్సు దొరికితే లాడ్జికి, దొరకకపోతే బ్రాంచిలోని బల్ల మీదకి చేరేవాడు.

పశ్చిమాన ఉన్న ఒక చిన్న బ్రాంచికి వెళ్ళేసరికి కరెంటు లేదు. యూపీఎస్ బ్యాటరీలు అప్పటికే చచ్చిపోయి ఉన్నాయి. రాత్రి తొమ్మిది దాకా కూర్చున్నాడు. కరెంటు రాలేదు. మర్నాడు ఇంకో రెండు బ్రాంచీలున్నాయి. ఫ్లాపీ, సూచనల కాగితం అక్కడి వాళ్ళ చేతికిచ్చి, "రేపు సాయంత్రం ఎక్కించండి" అని చెప్పి, జాబితాలో టిక్కు పెట్టి బయలుదేరాడు. ఆ ఫ్లాపీ సొరుగులోనే ఉండిపోయింది. పదహారు బ్రాంచీల్లో కొత్త ప్రోగ్రాము, పదిహేడో దాంట్లో పాతది. నా బల్ల మీది కాగితంలో మాత్రం పదిహేడు టిక్కులు.

అర్ధ సంవత్సరం వడ్డీ వేసినప్పుడు ఆ బ్రాంచిలో నాలుగున్నర ప్రకారమే పడింది. ఇరవై వేలు నిల్వ ఉన్న ఖాతాకు ఆరు నెలలకు 50 రూపాయలు ఎక్కువ. ఇన్‌స్పెక్షన్‌లో బయటపడే నాటికి జనం ఆ డబ్బు వాడేసుకున్నారు. తిరిగి వసూలు చేయమని ఉత్తర్వు వచ్చింది. రిటైరైన ఉపాధ్యాయులొకరు పాస్‌బుక్కు పట్టుకుని వచ్చి, "మీరే వేసి, నాకొక మాటైనా చెప్పకుండా మీరే తీసేసుకుంటారా?" అని నిలదీశారు. ఆయన ప్రశ్నకు మా ఎవరి దగ్గరా సమాధానం లేదు. ఆ తర్వాత ఆ యువ అధికారికి ఛార్జిషీటు ఇచ్చారు. ఒక ఇంక్రిమెంటు పోయింది. అక్కడితో ఫైలు మూసేశారు.

ఇక్కడ కాసేపు ఈ కథ ఆపి, పన్నెండేళ్ళ తర్వాత అమెరికాలో జరిగిన మరో కథ చెబుతాను. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

నైట్ క్యాపిటల్ అని అక్కడ షేర్ల వ్యాపారం చేసే పెద్ద సంస్థ ఉండేది. ఖాతాదారుల ఆర్డర్లను మార్కెట్టుకు పంపే ప్రోగ్రాము ఎనిమిది సర్వర్ల మీద నడిచేది. 2012 ఆగస్టు 1న న్యూయార్కు ఎక్స్ఛేంజి ఒక కొత్త పద్ధతి ప్రవేశపెడుతున్నందున, అంతకు కొన్ని రోజుల ముందే ఆ సర్వర్లలో కొత్త ప్రోగ్రాము ఎక్కించారు. ఎక్కించిన సాంకేతిక ఉద్యోగి ఏడు సర్వర్లలో ఎక్కించి, ఎనిమిదో దాంట్లో మరిచిపోయాడు. రెండో మనిషి చూడలేదు. చూడాలన్న రాతపూర్వకమైన నియమమే ఆ సంస్థలో లేదు.

ఆ ఎనిమిదో సర్వరులో 2003లోనే వాడకం మానేసిన ఒక పాత ప్రోగ్రాము ముక్క అలాగే పడి ఉంది. మానేశారు గాని తీసెయ్యలేదు. కొనవలసినంత కొన్నాక ఆగాలి అని లెక్క చూసే భాగాన్ని 2005లో వేరే చోటికి మార్చారు. మార్చాక పాత ముక్క పనితీరును మళ్ళీ పరీక్షించి చూడలేదు. దాన్ని మేల్కొలిపే పాత మీటనే 2012లో కొత్త ప్రోగ్రాముకు వాడుకున్నారు. ఆగస్టు 1 ఉదయం తొమ్మిదిన్నరకు మార్కెట్టు తెరిచారు. కొత్త మీట నొక్కితే ఏడు సర్వర్లలో కొత్త ప్రోగ్రాము నడిచింది, ఎనిమిదో దాంట్లో పాత దయ్యం లేచింది. ఎప్పుడు ఆగాలో దానికి తెలియదు. చిన్న ఖాతాదారుల 212 ఆర్డర్లు పట్టుకుని 45 నిమిషాల్లో 154 కంపెనీల షేర్లలో 40 లక్షల లావాదేవీలు చేసింది. చేతులు మారిన షేర్లు 39 కోట్ల 70 లక్షలు. సంస్థకు వచ్చిన నష్టం 46 కోట్ల డాలర్ల పైచిలుకు.

ఇందులో రెండు సంగతులు మనం గమనించాలి. మొదటిది, ఆ ఉదయం మార్కెట్టు తెరవక ముందే ఆ యంత్రమే 97 ఈ-మెయిళ్ళు పంపింది, ఇక్కడేదో తేడాగా ఉందని. వాటిని ఎవరూ చదవలేదు. అవి హెచ్చరికలని ఎవరికీ చెప్పి ఉండలేదు. రెండవది, నష్టం మొదలయ్యాక కంగారులో తప్పు కొత్త ప్రోగ్రాముదే అనుకుని, సరిగ్గా ఉన్న ఏడు సర్వర్ల నుంచి కొత్త ప్రోగ్రాము తీసేశారు. దాంతో ఒక దయ్యం కాస్తా ఎనిమిది దయ్యాలైంది. మరుసటి సంవత్సరం ఆ సంస్థ వేరే సంస్థలో విలీనమైపోయింది.

చూశారా! వాళ్ళకు ఎనిమిదో సర్వరు, మాకు పదిహేడో బ్రాంచి. వాళ్ళ దగ్గర కోట్ల డాలర్ల యంత్రాలు, మా దగ్గర ఫ్లాపీ. జబ్బు మాత్రం ఒకటే. పని జరిగిందో లేదో యంత్రాన్ని అడగకుండా మనిషి పెట్టిన టిక్కును నమ్మడమే ఆ జబ్బు.

ఈ జబ్బుకు మందు కనిపెట్టే ప్రయత్నమే డెవాప్స్. ప్రోగ్రాములు రాసే డెవలప్‌మెంట్ వాళ్ళ పేరులో మొదటి ముక్క, వాటిని నడిపే ఆపరేషన్స్ వాళ్ళ పేరులో మొదటి ముక్క కలిపి ఆ మాట చేశారు. ఈ రెండు వర్గాలకూ పాతరోజుల్లో పడేది కాదు. హెడ్డాఫీసుకీ బ్రాంచికీ ఉన్న తగాదా లాంటిదే. రాసేవాడికి కొత్తది త్వరగా పంపాలని తొందర. నడిపేవాడికి ఏదీ మారకుండా ఉంటే చాలునని భయం. గోడ అవతల నుంచి వాడు విసిరేవాడు, ఇవతల వీడు పట్టుకునేవాడు. పడిపోతే ఎవరి తప్పు అన్నదే చర్చ.

2009 జూన్‌లో కాలిఫోర్నియాలో జరిగిన ఒక సదస్సులో, ఫొటోలు దాచుకునే ఫ్లికర్ సంస్థకు చెందిన జాన్ ఆల్స్పా, పాల్ హామండ్ అనే ఇద్దరు ఒక ఉపన్యాసమిచ్చారు. తాము రోజుకు పదిసార్లకు పైగా కొత్త ప్రోగ్రాము ఎక్కిస్తున్నామని చెప్పారు. మనం ఆరు నెలలకోసారి ఫ్లాపీ పట్టుకుని తిరిగిన వాళ్ళం, రోజుకు పదిసార్లంటే గుండె ఆగుతుంది. ఆ ఇద్దరిలో ఒకరు నడిపే విభాగం, మరొకరు రాసే విభాగం. ఇద్దరూ ఒకే వేదిక మీద నిలబడి చెప్పడంలోనే విశేషముంది. దాన్ని బెల్జియంలో ఉన్న పాట్రిక్ డెబ్వా అనే ఆయన కంప్యూటర్లో చూసి ఉత్సాహపడి, అదే సంవత్సరం అక్టోబరులో ఘెంట్ నగరంలో ఇటువంటి వాళ్ళందరినీ సమావేశపరిచారు. డెవాప్స్ అన్న పేరు అక్కడి నుంచే వ్యాపించింది.

ఇక పద్ధతి ఏమిటో మన భాషలో చెబుతాను.

మొదటిది లెడ్జరు. ప్రోగ్రాములో ఎవరు ఏ అక్షరం మార్చినా, ఎప్పుడు, ఎందుకు మార్చారో రాసి ఉండే పుస్తకం. దాన్ని వెర్షన్ కంట్రోల్ అంటారు. మన లెడ్జరులో బ్లేడుతో గీకి దిద్దడం నిషేధం. తప్పు రాస్తే ఎర్ర సిరాతో కొట్టి, ఇనీషియల్ వేసి, పక్కన సరైనది రాయాలి. ఇక్కడా అంతే. పాతది చెరిగిపోదు. ఏ రోజు స్థితికి కావాలంటే ఆ రోజు స్థితికి వెళ్ళవచ్చు. లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ 2005లో తయారుచేసిన గిట్ అనే ఉపకరణాన్ని నేడు మన పిల్లలందరూ ఇందుకే వాడుతున్నారు.

రెండవది చెకింగు. ఒకరు రాసిన మార్పును రెండోవారు చదివి ఒప్పుకుంటే తప్ప పుస్తకంలోకి ఎక్కదు. వోచరు రాసినవాడే పాస్ చెయ్యకూడదని మనం ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే నేర్చుకోలేదా?

మూడవది ట్రయల్ బ్యాలెన్సు. మార్పు పుస్తకంలోకి ఎక్కగానే యంత్రమే దాన్ని తీసుకుని వందల పరీక్షలు పెడుతుంది. ఇరవై వేలకు నాలుగు శాతం చొప్పున ఆరు నెలలకు 400 రూపాయలు వస్తోందా? 2010 దాకా ఉన్న నియమం ప్రకారం, పదో తేదీ తర్వాత జమ చేస్తే ఆ నెలకు వడ్డీ రాకుండా ఉందా? ఇటువంటివన్నీ ముందే రాసిపెట్టి ఉంటాయి. ఒక్కటి తేడా వచ్చినా బండి అక్కడే ఆగుతుంది. రాత్రి పైసా తేడా వస్తే ఇంటికి వెళ్ళకుండా కూర్చున్న వాళ్ళం మనం, ఈ సూత్రం మనకు కొత్త కాదు.

నాలుగవది, అసలైనది, డిప్లాయ్‌మెంట్. అంటే ఎక్కించడం. నా ఆరు పేజీల కాగితాన్నే ప్రోగ్రాముగా రాస్తారు. ముప్పై మెట్లూ యంత్రమే ఎక్కుతుంది. ఎనిమిది సర్వర్లుంటే ఎనిమిదింటికీ ఒకే మూట వెళుతుంది. వెళ్ళాక ఒక్కొక్క సర్వరునూ "నీ దగ్గర ఏ వెర్షన్ ఉంది?" అని అడుగుతుంది. ఎనిమిదీ ఒకే జవాబు చెబితేనే టిక్కు పడుతుంది. ఆ టిక్కు మనిషి పెట్టినది కాదు. అలసట, కరెంటు కోత, ఆఖరి బస్సు వేళ దాన్ని మార్చలేవు.

ఐదవది రివర్సల్ ఎంట్రీ. తేడా వస్తే వెనక్కి వెళ్ళే దారి ముందే వేసి, నడిచి చూసి పెట్టుకోవడం. నైట్ క్యాపిటల్ వాళ్ళు మంటల్లో నిలబడి దారి వెతికారు. అది వెతికే సమయం కాదు.

ఆరవది కాపలా. ఎక్కించాక యంత్రం ఎలా ఉందో కొలిచి, తేడా వస్తే ఎవరికి ఫోను చెయ్యాలో వాళ్ళకే చెయ్యడం. మీ అబ్బాయికి అర్ధరాత్రి వచ్చే ఫోను ఇదే. 97 ఈ-మెయిళ్ళు ఎవరికీ పట్టకుండా పోయిన చోట, ఒకరి పేరున ఒక ఫోను మోగాలని చేసిన ఏర్పాటిది. అయితే తండ్రిగా ఒక మాట. ఫోను రోజూ మోగుతోందంటే కాపలా బాగున్నట్టు కాదు, ఇల్లు బాగులేనట్టు. అదే రాత్రి మీ పిల్లవాడు నిద్రలేచి అదే పని మళ్ళీ మళ్ళీ చేతితో చేస్తున్నాడంటే, వాళ్ళ సంస్థ డెవాప్స్ అన్న పేరు పెట్టుకుంది గాని పని పెట్టుకోలేదన్నమాట.

ఇంతా విని, అన్నీ యంత్రానికి అప్పగిస్తే చాలునని మీరు అనుకోవచ్చు. అక్కడే ఇంకో గొయ్యి ఉంది.

2024 జులై 19న క్రౌడ్‌స్ట్రయిక్ అనే సంస్థ, కంప్యూటర్లను వైరస్సుల నుంచి కాపాడే తన సాఫ్ట్‌వేరుకు ఒక చిన్న దస్త్రం పంపింది. అందులో తప్పుంది. పంపే ముందు దాన్ని పరీక్షించే ప్రోగ్రాములోనూ తప్పుంది. ఆ తప్పును ఆ పరీక్ష పట్టలేదు. ఆ దస్త్రం ఒక్కసారిగా ప్రపంచమంతా వెళ్ళింది. 78 నిమిషాల్లో వెనక్కి తీసుకున్నారు గాని, అప్పటికే సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెరతో ఆగిపోయాయి. విమానాలు, ఆసుపత్రులు, బ్యాంకులు ఎక్కడివక్కడ నిలిచాయి. ఆ రోజు మన హైదరాబాదు విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగు పాసులు చేత్తో రాసిచ్చిన ఫొటోలు మీరందరూ ఫోన్లలో చూసే ఉంటారు. డిమాండు డ్రాఫ్టులు చేత్తో రాసిన మనకు ఆ రోజు కాస్త గర్వం కలిగిన మాట నిజమే.

నా కుర్రవాడు ఒక బ్రాంచి మరిచిపోతే ఒక బ్రాంచే పాడైంది. యంత్రం మరిచిపోదు, తప్పును కూడా అందరికీ సమానంగా పంచుతుంది. అందుకే తెలిసినవాళ్ళు కొత్తదాన్ని ఒకేసారి అందరికీ పంపరు. ముందు ఒక్క సర్వరుకు, తర్వాత పదింటికి, అప్పుడు అందరికీ. కొత్త పథకం ముందు ఒక బ్రాంచిలో పెట్టి చూసే మన అలవాటే ఇది. జులై నాటి దెబ్బ తర్వాత ఆ సంస్థ కూడా ఇకపై ఇటువంటి దస్త్రాలను విడతలుగా పంపుతామని ప్రకటించింది.

కనుక, మిత్రులారా, డెవాప్స్ అంటే మనిషిని తీసేసి యంత్రాన్ని పెట్టడం కాదు. మనిషి తలలో ఉన్నదాన్ని, పదిమందీ చదివి దిద్దగలిగేలా బయట రాసిపెట్టడం. రాసిపెట్టిన దాన్ని రోజూ నడిపి చూడడం. ఇంతే.

ఇక ఆఖరి విషయం. తప్పు జరిగినప్పుడు ఏం చెయ్యాలి?

ఇందాక చెప్పిన జాన్ ఆల్స్పా గారే 2012లో, ఎట్సీ అనే సంస్థలో పనిచేస్తూ, ఈ విషయం మీద రాశారు. తప్పు జరిగాక పెట్టే విచారణలో "ఎవరు చేశారు?" అన్న ప్రశ్న ముందు పెడితే నిజం దాక్కుంటుంది. "ఆ సమయంలో ఆ మనిషికి అది సబబుగా ఎందుకు కనిపించింది?" అని అడిగితే నిజం బయటికొస్తుంది. శిక్ష పడదని తెలిసినవాడు జరిగిందంతా చెబుతాడు. అది విన్నవాళ్ళు పద్ధతిని దిద్దుతారు. శిక్షకు భయపడినవాడు తర్వాతిసారి మరింత నేర్పుగా టిక్కు పెడతాడు.

ఇది మెత్తదనమని, దీనివల్ల బాధ్యత పోతుందని మనలో చాలామంది అనవచ్చు. పోదు. పైకి వెళుతుంది. నైట్ క్యాపిటల్ కేసులో అమెరికా నియంత్రణ సంస్థ 2013లో కోటీ ఇరవై లక్షల డాలర్ల జరిమానా వేసింది. వేసింది సంస్థ మీద. ఎనిమిదో సర్వరు మరిచిపోయిన ఉద్యోగి పేరు కూడా ఆ ఉత్తర్వులో లేదు. రెండో మనిషి చూడాలన్న నియమం ఎందుకు లేదని యాజమాన్యాన్ని అడిగింది.

బ్రిటన్‌లో టీఎస్‌బీ అనే బ్యాంకు 2018 ఏప్రిల్‌లో తన ఖాతాలన్నిటినీ ఒక్క వారాంతంలో పాత కంప్యూటర్ల నుంచి కొత్తవాటికి మార్చింది. సోమవారానికి జనం తమ ఖాతాలు తాము చూసుకోలేకపోయారు. ఆ బ్యాంకు ఖాతాదారులు 52 లక్షల మంది. వాళ్ళలో చాలామందిని ఏదో ఒక రూపంలో ఆ ఇబ్బంది తాకింది. 2022 డిసెంబరులో నియంత్రణ సంస్థలు బ్యాంకుకు 4 కోట్ల 86 లక్షల పౌండ్ల పైచిలుకు జరిమానా వేశాయి. 2023 ఏప్రిల్‌లో ఆ బ్యాంకు కంప్యూటరు విభాగానికి అధిపతిగా పనిచేసిన అధికారికి వ్యక్తిగతంగా 81,620 పౌండ్ల జరిమానా పడింది. అర్ధరాత్రి మీట నొక్కిన గుమాస్తాకు కాదు, అంతా సిద్ధంగా ఉందో లేదో చూడవలసిన పెద్దాయనకు.

ఇప్పుడు నా పాత బాకీ.

2000 నాటి విచారణలో ప్రాంతీయ కార్యాలయం నన్ను నివేదిక అడిగింది. నేను ఒకటిన్నర పేజీ రాశాను. అందులో "సదరు అధికారి అశ్రద్ధ" అన్న మాట రాశాను. రాయనివి చాలా ఉన్నాయి. ఎక్కించాక ఏ వెర్షన్ ఉందో తెరమీద చూసి రాసుకురమ్మని నేను చెప్పలేదు. బ్రాంచి మేనేజరు సంతకం తీసుకోవాలన్న గడి ఆ జాబితాలో పెట్టలేదు. బ్యాటరీలు చచ్చిపోయాయని ఆ బ్రాంచి రెండుసార్లు రాసిన ఉత్తరాలు నా ఫైల్లోనే ఉన్నాయి. పదిహేడు బ్రాంచీలకు ఒక్క మనిషిని పంపింది నేను. వచ్చిన టిక్కుల కాగితాన్ని చూసి, ఒక్క బ్రాంచికైనా ఫోను చెయ్యకుండా "పూర్తయింది" అని సంతకం పెట్టింది కూడా నేనే. ఆ ఉత్తరాలు నివేదికకు జతచేసి ఉంటే ఛార్జిషీటు వచ్చేది కాదు. వస్తే నాకు వచ్చేది. నాకు ఆ ఏడాది ప్రమోషను ఇంటర్వ్యూ ఉంది.

ఆయన నన్నెప్పుడూ ఒక్క మాట అనలేదు. అధికారిగా రిటైరయ్యారు. మన సంఘంలోనే మరో యూనిట్ సభ్యులు. ఇంక్రిమెంటు పోయిన ఫలితం ఆయన చివరి జీతం దాకా, ఆ తర్వాత పెన్షన్ దాకా వెంట వచ్చింది. ఈ సభలో ఈ సంగతి చెప్పడానికి పోయిన నెల ఫోను చేసి అనుమతి అడిగాను. "ఇప్పుడెందుకు లెండి సార్" అన్నారు. కాసేపాగి, "చెప్పండి, పేరు మాత్రం వద్దు" అన్నారు. తప్పు నాదని, నా విభాగానిదని, ఆయనది కాదని మీ అందరి ముందు చెబుతున్నాను. ఇది మినిట్స్‌లో రాయవలసిందిగా కార్యదర్శి గారిని కోరుతున్నాను.

ఒక విన్నపంతో ముగిస్తాను. మన సంఘంలో జీవన ప్రమాణ పత్రాలు ఆన్‌లైన్లో పంపించడం, కుటుంబ పెన్షనుకు దరఖాస్తులు నింపడం, బీమా గడువులు గుర్తుచెయ్యడం, ఇవన్నీ మన సహాయ కార్యదర్శి గారొక్కరే ఏళ్ళ తరబడి చేస్తున్నారు. ఏ ఫారం ఎక్కడ దొరుకుతుందో, ఏ బ్రాంచిలో ఎవరిని అడగాలో అంతా ఆయన తలలోనే ఉంది. వారు నిండు నూరేళ్ళు ఉండాలి. అయినా పోయిన నవంబరులో వారు పది రోజులు ఆసుపత్రిలో ఉంటే, ముగ్గురు వితంతు సభ్యుల పత్రాలు ఆగిపోయాయి. అది ఆయన తప్పు కాదు, మనది. ఈ నెలలోనే ఇద్దరు సభ్యులు ఆయన పక్కన కూర్చుని, ఒక్కొక్క పని మెట్టు మెట్టుగా నోటుపుస్తకంలో రాయాలి. రాసింది చూసి మూడో మనిషి ఒక పత్రం పంపించి చూడాలి. ఎక్కడ ఆగిపోతే అక్కడ పుస్తకం దిద్దాలి. ఆ మూడో మనిషిగా నా పేరు రాసుకోండి.